నాలుగో గది మిల్డ్రెడ్, బ్యాంకు దొంగ సినిమా

1979 ఫిబ్రవరి. ఇండియానాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి, గుండె జబ్బుల వార్డు. నాది మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే డ్యూటీ. గుంటూరులో నర్సింగ్ చదివి, ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది. ఎంత మొండి రోగినైనా దారికి తెస్తానని నాకు మహా నమ్మకం. నాలుగో గదిలోకి మిల్డ్రెడ్ వచ్చేదాకా ఆ నమ్మకం బాగానే ఉంది.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చిన్నపాటి హార్ట్ ఎటాక్‌తో చేరి నాలుగు రోజులయింది. ఛాతీమీద స్టిక్కర్లు అంటించి, వాటి వైర్లు మెడలో వేలాడే చిన్న పెట్టెకి తగిలించాం. దాన్ని టెలిమెట్రీ అంటారు. మనిషి గదిలో ఉంటే, గుండె కొట్టుకునే గీత మా నర్సుల బల్లమీది స్క్రీన్‌లో కనిపిస్తూ ఉంటుంది. ఉప్పు తినకూడదు, మంచం దిగకూడదు. ఆవిడ ఏ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. సూప్ చప్పగా ఉందని మూడుసార్లు తిప్పి పంపింది. బెల్ నొక్కీ నొక్కీ నా తల ప్రాణం తోకకి తెచ్చింది.

ఆ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి టీవీలో సినిమా. డిప్రెషన్ రోజుల్లో, అంటే ముప్పైల్లో పనుల్లేక జనం అల్లాడిన కాలంలో, ఆ చుట్టుపక్కల బ్యాంకులు దోచిన ఒక నిజం దొంగ కథ. వారంనుంచీ ఊరంతా అదే గోల. దొంగంటే వీళ్ళకి అంత మురిపెం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"నేనది చూడాలి హనీ. వాడు మా బ్యాంకుకి వచ్చినప్పుడు నేను కౌంటర్లో ఉన్నాను," అంది మిల్డ్రెడ్.

ఇలాంటివాళ్ళు ఆ వారంలోనే నలుగురు తగిలారు నాకు. ఒకాయనైతే వాళ్ళ నాన్న ఆ దొంగ కారుకి టైరు మార్చాడని చెప్పాడు. సరేలెమ్మని దిండు సర్ది వచ్చేశాను.

డాక్టరు చార్టులో ఆర్డర్ రాశాడు: ఆందోళన పనికిరాదు, ఈ రాత్రి టీవీ వద్దు. ఆ మాట సూటిగా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. మన ఇళ్ళల్లో అలవాటే ఇది. మంచాన ఉన్న పెద్దవాళ్ళకి నచ్చని మాట చెప్పం, ఏదో ఒకటి కల్పించి నెట్టుకొస్తాం. నేనూ అదే చేశాను. ఆవిడ నిద్రలో ఉండగా టీవీ ప్లగ్ పీకేసి, లేచాక "టీవీ పాడైంది, రిపేరు చేసేవాడు రేపొస్తాడు" అన్నాను.

"మధ్యాహ్నం బాగానే వచ్చిందే?"

"ఇప్పుడే పాడైంది."

"నేను నిద్రపోతుంటే ఎవరు చూశారు మరి?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతకలేదు. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సరే" అని గోడవైపు తిరిగి పడుకుంది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఎనిమిదింపావుకి నాలుగో నంబరు గీత తిన్నగా అయిపోయింది. అలారం మోగింది. బల్లదగ్గరున్న అమ్మాయి కంగారుపడి కోడ్ బ్లూ అని మైకులో పిలిచేసింది. గుండె ఆగింది, అందరూ పరుగెత్తుకు రండి అని దానర్థం. నేను మందుల బండి తోసుకుంటూ ఉరికాను. డాక్టరు కింద క్యాంటీన్‌లోంచి మెట్లెక్కి పరుగున వచ్చాడు. తీరా చూస్తే మంచం ఖాళీ! దిండుమీద స్టిక్కర్లు, వైర్లు, పెట్టె, అన్నీ చక్కగా చుట్టిపెట్టి ఉన్నాయి.

పక్క గదిలోంచి తుపాకుల మోత వినిపించింది.

అది హెన్రీ అనే ముసలాయన గది. ఆయన మంచంలో, ఈవిడ కుర్చీలో దుప్పటి కప్పుకుని, మధ్యలో ఉప్పు చిప్స్ పొట్లం. ఒళ్ళు మండిపోయింది నాకు.

"బుద్ధుందా మిల్డ్రెడ్? మీరు పోయారనుకున్నాం! ఏడుగురం పరుగెత్తుకొచ్చాం!"

"ష్!" అంది తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "ఇప్పుడొస్తాడు."

"ఎవరు, ఆ దొంగా?"

"ఆర్థర్."

తెరమీద బ్యాంకు. అందగాడైన దొంగ కౌంటర్ మీదినుంచి దూకాడు. కౌంటర్లో ఉన్న పిల్ల వాణ్ణి చూసి సిగ్గుపడింది. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న ఒక మనిషి, మొహం కూడా సరిగ్గా కనబడలేదు, దెబ్బ తగిలి పడిపోయాడు. కారు వెళ్ళిపోయింది. తర్వాత సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది.

"అంతేనా?" అంది మిల్డ్రెడ్. సినిమా నేనే తీసినట్టు నన్నే అడిగింది. "ఆయనకి పేరు కూడా పెట్టలేదు."

అప్పుడు చెప్పింది. ఆర్థర్ క్విన్‌బీ అంటే వాళ్ళ బ్యాంకు గార్డు. రోజూ పొద్దున ఆవిడకి తలుపు తెరిచి పట్టుకునేవాడట. ఆరోజు తుపాకీ ఆవిడవైపు తిరిగితే అడ్డం వచ్చి చనిపోయాడు. నలభై ఏళ్ళు దాటినా అందరూ దొంగ ఏ టోపీ పెట్టుకున్నాడని అడిగారేగానీ, ఆర్థర్ గురించి ఒక్కరూ అడగలేదు. ఈ సినిమాలోనైనా ఆయన పేరు వినాలని వారంనుంచీ కాచుకుని కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట చెప్పే అవకాశం నేనిస్తే కదా!

మంచం ఎక్కించి మళ్ళీ స్టిక్కర్లు అంటించాను. ఛాతీలో బరువుగా ఉందంది. ఈసీజీ తీస్తే కొత్త మార్పేమీ లేదు. రోగి తన బాధ చెబితే ఆ మాటల్ని ఉన్నవున్నట్టు చార్టులో ఎక్కించాలి, అది మా నర్సుల పద్ధతి. ఎక్కించాను.

డాక్టరు చదివి చిరాకుపడ్డాడు. "ఇది చార్టా, పత్రికా?"

"బరువు ఎందుకో ఆవిడ చెప్పింది, నేను రాశాను. టీవీ వద్దనే ముందు మీరూ అడగలేదు, నేనూ అడగలేదు."

ఆయన కింద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా మొండి రోగుల్ని తిట్టడం నేను మానలేదు, అబద్ధమెందుకు? కానీ తిట్టేముందు "ఎందుకు కావాలి మీకది?" అని ఒక్కమాట అడగడం మాత్రం రిటైరయ్యేదాకా మరచిపోలేదు. ఆ రోజు తర్వాత ఎవరి ప్లగ్గూ పీకలేదు.

ఆ రాత్రి డాక్టరు వెళ్ళాక, చార్టు మూయబోతుంటే మిల్డ్రెడ్ నా చెయ్యి పట్టుకుంది. "ఏం రాశావో చదువు."

చదివాను. "ఛాతీలో బరువుగా ఉంది. నావైపు తిరిగిన తుపాకీకి అడ్డం వచ్చి చనిపోయిన మనిషి ఆర్థర్ క్విన్‌బీ. సినిమాలో ఆ పేరు చెప్పలేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"పేరు ఇంకోసారి చదువు," అంది.