చిన్నాయన ఆదివారాలు

పోయిన వారం మా ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నేను పెట్టిన తిరుపతి లడ్డు ముక్కను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. "ఏమన్నా సెప్పు పాపా, మీ సిన్నాయన తెచ్చిన లడ్డు రుసి దీనికి రాదు. ఆదివారమొస్తే కొండకు పోకుండా ఉన్నింది లేదు. మహా భక్తుడు" అన్నాడు. మంచినీళ్ళు తెస్తానని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మొదట్లో ఊరంతా తిన్న ఆ లడ్లు చిన్నాయన తెచ్చినవి కావు. తిరుపతిలో మా ఎదురింటాయనకు కొండమీద ఉద్యోగం. వాళ్ళింట్లో నేను మొహమాటపడుతూ అడిగి తెచ్చినవి.

మా నాయనకు తమ్ముడు చిన్నాయన. పుత్తూరు దగ్గర పల్లెలో సేద్యం. మామూలుగా వెన్నలాంటి మనిషి, చుక్క పడితే ఇంట్లో కుండలు మిగిలేవి కావు. మద్యనిషేధం వచ్చిన రోజుల్లో ఊళ్ళో తాగేవాళ్ళంతా బుద్ధిమంతులయ్యారు గానీ, మాకు అరవదేశం ఎంత దూరమని? ఒక సాయంత్రం సరిహద్దు అవతల పూటుగా తాగి, మోపెడ్ మీద వస్తూ కల్వర్టులో పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరుకు తీసుకెళితే ఆకుపసరు, గుడ్డుసొన పూసి కట్టు కట్టారు. కట్టు కట్టే పెద్దాయనను మా చిన్నమ్మ, "సామీ, తాగుడు మానేదానికి గూడా ఏమన్నా కట్టుందా?" అని అడిగిందట. అందరూ నవ్వారు. కాలికి కట్టుతో గోడకానుకుని కూర్చున్న ఒక బస్సు డ్రైవరు మాత్రం నవ్వలేదు. "ఉండాదమ్మా. తిరుపతిలో ఆదివారం మద్యానం మేమంతా ఒకచోట కూసుంటాం. నేను తాగి శానా ఏండ్లయింది. ఆయప్పను తీసుకోని రా" అన్నాడట.

అప్పటికే ఆస్పత్రిలో డాక్టరు, కాలేయం చెడిందని, ఇంకా తాగితే మనిషి దక్కడని చెప్పి ఉన్నాడు. అందుకని చిన్నాయన, చిన్నమ్మ, నేను ముగ్గురం వెళ్ళాం. డ్రైవరు చెప్పిన వీధిలో బోర్డు లేదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? తాగి మానేసినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఒక బడి గేటు దగ్గర డ్రైవరే కుంటుకుంటూ ఎదురొచ్చాడు. లోపల ఒకటో తరగతి గదిలో, చిన్నపిల్లల బల్లల మీద పెద్ద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. నల్లబల్ల మీద రెండో ఎక్కం ఇంకా చెరపలేదు. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, తాను తాగుబోతునని ఒప్పుకుని, ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పి కూర్చుంటున్నారు. చిన్నాయన వంతు వచ్చింది. పెళ్ళిచూపుల్లో చెప్పినట్టు ఇంటిపేరు, ఊరు, తాతపేరు, బావికింద చెరుకుతోట, అన్నీ చెప్పాడు. "అవన్నీ ఈడ అక్కర్లేదన్నా. ఆ ఒక్క మాట సెప్పి కూసో" అన్నాడు డ్రైవరు.

ఆ మాట ఆయన నోట రావడానికి కొన్ని ఆదివారాలు పట్టింది. వచ్చిన రోజున గుమ్మం బయట చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చేతి కట్టు విప్పాక కూడా ఆయన చుక్క ముట్టలేదు. ఇంట్లో కొత్త కుండలు వచ్చాయి. ఊళ్ళో మాత్రం చిన్నమ్మ, కొండకు పోతున్నారని చెప్పింది. "తాగుబోతుల సంఘానికి పోతాడని ఎట్ట సెప్పేది పాపా? రేపు బిడ్డకు సంబందం వస్తాదా?" అనేది నాతో. నాకూ నిజమేననిపించేది.

వచ్చిన చిక్కల్లా, ఊరు నమ్మింది. వారం వారం స్వామిని చూసే మనిషి కదా అని ఇంటింటివాళ్ళూ పసుపుగుడ్డలో కట్టిన ముడుపులు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. దేవుడి సొమ్ము ఇంట్లో ఉంచుకోకూడదు, వద్దంటే అబద్ధం బయటపడుతుంది. మొదటిసారి ముడుపులు చెల్లించడానికి కొండెక్కితే క్యూలోనే పొద్దుగూకింది. మీటింగు దాటిపోయింది. గుండుతో మా ఇంటికొచ్చి, "స్వామికాడికే గదా పాపా పోయింది, తప్పేముండాది?" అన్నాడు. తర్వాత ఇంకెవరిదో ముడుపు, ఇంకెవరిదో మొక్కు. మీటింగులో తాగుబోతునని చెప్పుకోవాలి, ఊళ్ళో అయితే కాళ్ళకు దండం పెడుతున్నారు. ఏది బాగుంటుంది ఎవరికైనా? డ్రైవరు రెండుసార్లు మా ఇంటికొచ్చి, "ఆదివారం తప్పొద్దని సెప్పమ్మా" అని బతిమాలి వెళ్ళాడు. చెప్పాను. నవ్వేశాడు. ఒక ఆదివారం కొండ దిగి, నేరుగా ఊరికి పోకుండా రేణిగుంటలో, నిషేధం ఎత్తేశాక తెరిచిన బ్రాందీషాపు ముందు ఆగాడు. ఆ తర్వాత ఆగింది లేదు. ఏడాది తిరక్కుండానే కడుపుబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు.

కర్మాంతరం రోజున డ్రైవరు వచ్చి ఒక మూల నిలబడ్డాడు. "ఎవరప్పా నువ్వు? మావోడు నీకు యాడ పరిచయం?" అని, ఇప్పుడు లడ్డు తిన్న ఈ పెద్దాయనే అడిగాడు. ఆ గదిలో చూసినవాళ్ళను బయట చెప్పకూడదని వాళ్ళ కట్టుబాటు. డ్రైవరు చిన్నమ్మ వైపు ఒకసారి చూసి, "కొండకాడప్పా. ఆదివారం ఆదివారం కలస్తా ఉంటిమి" అన్నాడు. చిన్నమ్మ గోడకు తలానించి బావురుమంది.

నీళ్ళు తెచ్చిచ్చాను. పెద్దాయన తాగి, "అట్టాంటి భక్తుడు మళ్ళా పుట్టడు" అన్నాడు. బల్లమీద ముడుచుకుని కూర్చుని, లేచి ఆ ఒక్క మాట చెప్పిన మనిషి నాకూ చిన్నమ్మకూ తెలుసు. మేమూ పోయిన తర్వాత, ఊరికి ఈ భక్తుడొక్కడే మిగులుతాడు.