అడవి ముందు చెప్పులు విడిచి

మా బత్తాయి తోట షెడ్డులో లాప్‌టాప్ తెరిచే ముందు మా అక్క బిడ్డ చెప్పులు విడిచేది. ఎండలు ముదిరితే ఉత్తరాన మంచుదేశాల అడవి ఏమవుతుందో అందులో లెక్కగట్టేది.

“కల్లంల చెప్పులతోని తొక్కుతమా, మామా? గిదీ గంతే.”

చిట్యాల సంతకు తాటిచెట్లను నడిపించిన కోతలరాయుణ్ణి నేను. నాకే చెప్పింది: “చెట్లు నిజంగనే నడుస్తయ్. విత్తనం ఎనుక విత్తనం, చల్లదనం ఎతుక్కుంట ఉత్తరానికి పోతయ్. ఎండ ఇంకా జోరుగ తరుముతాంది.”

“దొరకకుండ ఉరుకుతయా, బిడ్డా?”

“గదే చూస్తున్న.”

తెర మీద వందేళ్లు గడిచాయి. అడవి కింది అంచు ఎండిపోయింది. పైన సన్నటి పచ్చగీత ఇంకా పాకుతూనే ఉంది.

అరికాలికి పల్లేరుకాయ గుచ్చుకున్నాక తెలిసింది, నేనూ చెప్పులు విడిచి నిలబడ్డానని.