అంత చప్పుడు, ఇంత నడక: కెరమెరి ఘాట్ మీద జీపు ప్రయాణం

కెరమెరి ఘాట్ మీదుగా జైనూర్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను దారి గురించి అడుగుతున్నారు. నేను ఆ ఘాట్ మొదటిసారి ఎక్కింది అరవైల మొదట్లో, అదీ సరదాకు కాదు. మా అక్క లక్ష్మి అప్పుడు జైనూర్‌లో ఉండేది. బావకు అక్కడ చిన్న కిరాణా దుకాణం. అక్కకు ఎనిమిదో నెలలో కాళ్ళూ మొహమూ ఉబ్బాయని, కళ్ళు మసకబారుతున్నాయని, వెంటనే మంచిర్యాల ఆసుపత్రికి తేవాలని బావ కబురు పంపాడు. ఎడ్లబండిలో ఘాట్ దింపితే ఆ కుదుపులకు ఏమవుతుందోనని అవ్వకు, అంటే మా అమ్మకు, భయం. బాపు జ్వరంతో మంచం పట్టాడు. ఇక మిగిలింది నేనే. లక్సెట్టిపేటలో కుట్టుమిషను మీద రవికలు కుట్టుకునే నాకు బండ్ల సంగతి ఏమీ తెలియదు.

పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి గంటలో మంచిర్యాల చేరాను. బాపుకు తెలిసిన కట్టె కంట్రాక్టరు ఒకాయన తన పాత మిలిటరీ జీపు ఇచ్చాడు. పెట్రోలు ఖర్చు మాది. దానికి తోడు ఘాట్ పైనున్న కూలీల కోసం బియ్యం బస్తాలు కూడా ఎక్కించాడు. డ్రైవరు ఖాదర్ భాయ్ కరీంనగర్ రోడ్ల మీద ఏళ్ళ తరబడి లారీ నడిపినవాడే గానీ, జీపు మాత్రం ఈ మధ్యే చేతికొచ్చింది. బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ చేరేసరికి ఎండ నెత్తిన పడింది. అక్కడ ఒక పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. వడ్డించే ఆమె మేము ఎటు పోతున్నామో విని, "ఘాట్ మీద నిన్న మస్తు వాన పడ్డది బిడ్డా. జర పైలం" అంది.

కెరమెరి దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. రెండో మలుపులో ఎర్రమట్టి తడిసి ముద్దయి ఉంది. జీపు సగం ఎక్కి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. స్టార్టు చేస్తే మళ్ళీ అంతే.

"ఫస్టు గేరులనే ఉన్నది. గింతకన్న కింద లేదు" అన్నాడు ఖాదర్ భాయ్, చెమట తుడుచుకుంటూ.

"కిందికెందుకు? పైకి ఎయ్యరాదు? మూడంటే ఒకటికన్న ఎక్కువనే గదా?"

"మూడైతే ఉరుకుతదమ్మా, గుంజది. గుంజాలంటే ఫస్టే."

"ఇంజను ఒక్కటే గదా భాయ్. ఫస్టుల గా బలం ఏడికెళ్ళి వస్తది?"

ఆయన నా మొహం చూసి తల గోక్కున్నాడు. "గది నాకు తెల్వదు. గట్లనే నడిపిన. ఎందుకని ఎన్నడు అడుగలే."

గేరు కడ్డీ పక్కన నేల మీద రెండు పొట్టి పిడులు కనిపించాయి. అవేంటని అడిగాను. "గవి మిలిటరోళ్ళవి. ముట్టొద్దన్నడు కంట్రాక్టరు సేటు" అన్నాడు. పైన అక్క, కింద బురద, మధ్యలో మేము. ఇక్కడే ఉండి చేసేదేముంది, ముట్టి చూద్దామన్నాను. ఆయన క్లచ్ తొక్కిపెట్టి రెండోదాన్ని లాగితే కదల్లేదు. మొదటిది వేశాకే అది కదిలింది. ఇంజను స్టార్టు చేసి క్లచ్ వదిలాడు.

ఇంజను మాత్రం పెద్ద సడక్ మీద ఉరుకుతున్నట్టు అరుస్తోంది, జీపేమో చీమలా పాకుతోంది. ఏదో విరిగిందనుకొని కిందికి దూకాను. ఏదీ విరగలేదు. నేను మామూలుగా నడుస్తుంటే జీపు నా పక్కనే, నా నడకంత వేగంతో, బియ్యం బస్తాలతో సహా బురదలోంచి పైకి ఎక్కుతోంది. అంత చప్పుడుకు ఇంత నడకేనా? ఇంత నడకలో అంత బలమా? నా కుట్టుమిషనులో కింది పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే పైన చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది, సూది ఉరుకుతుంది. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. ఆలోచించినకొద్దీ అయోమయం పెరిగింది.

ఇంకో వింత కూడా జరిగింది. ఒక వాగు దగ్గర దారి కాస్త కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. ఆ దిగుడులో జీపు ఉరకలేదు, ఎవరో వెనక పట్టుకున్నట్టు నిదానంగా దిగింది. "బ్రేకు తొక్కినవా?" అంటే, "లే. కాలు పక్కకే ఉన్నది" అన్నాడు ఖాదర్ భాయ్, తనకే నమ్మకం లేనట్టు.

బస్తాలు దించి, పొద్దుగూకేలోపే జైనూర్ చేరాం. అక్కను చూసి గుర్తుపట్టలేకపోయాను. కళ్ళు గీతల్లా ఉన్నాయి. తల పగిలిపోతోందని మూలుగుతోంది. తెల్లవారగానే జీపు వెనక పరుపు పరిచి, ఆమెను పడుకోబెట్టి బయలుదేరాం. బావ ఆమె పక్కన కూర్చున్నాడు. ఘాట్ అంచుకు రాగానే ఖాదర్ భాయ్ గేరు తీసేయబోయాడు.

"న్యూట్రల్ జేసి బ్రేకు మీద దింపుత. జల్ది పోతం, పెట్రోలు మిగుల్తది."

"నిన్నటి పిడులు ఎయ్యి భాయ్."

"గవి ఎక్కుటానికమ్మా. దిగుటానికి బలమెందుకు?"

వెనక్కి తిరిగి అక్కను చూశాను. "తెల్వదు. నిన్న వాగు కాడ బ్రేకు లేకుంటనే మెల్లగ దిగింది. ఎందుకో నాకు సమజ్ గాలే. గని అక్కను ఏసుకొని గట్లనే పోదాం."

బావకు కోపం వచ్చింది. "ఒక్క గంటల దిగేదానికి పూటంత జేస్తవా? ఆమె పరేషాన్ నీకు కనిపిస్తలేదా?"

కనిపిస్తోంది. ఆలస్యమైతే అక్కకు ఏమవుతుందో తెలియదు, తొందరపడితే ఏమవుతుందో అదీ తెలియదు. అప్పుడు పరుపు మీంచి అక్కే అంది, "మెల్లగనే పోండ్రి. కుదిపితే నా పానం పోతది."

పిడులు వేశాడు. జీపు మూలుగుతూ దిగసాగింది. సగం దిగాక, ఒక మలుపు తిరగ్గానే దారి నిండా పశువులు. ఖాదర్ భాయ్ బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకు అంటుకుపోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ అంతే. "యా అల్లా!" అన్నాడు. జీపు మాత్రం అదే నడకతో పోతోంది. వేగం పెరగలేదు. ఆయన ఇంజను ఆపేసి చేతిబ్రేకు లాగాడు. గేరులోనే ఉన్న బండి ఇంకా బరువెక్కి తడబడింది. బావ కిందికి దూకి, పక్కనే నడుస్తూ ఒక బండరాయి ఎత్తి చక్రం ముందు పెట్టాడు. జీపు ఆగింది. ఆవు ఒకటి బానెట్ వాసన చూసి వెళ్ళిపోయింది.

బ్రేకు నూనె పైపు పగిలి కారుతోంది. న్యూట్రల్‌లో దిగి ఉంటే ఆ బ్రేకునే నమ్ముకొని దిగేవాళ్ళం. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మిగతా ఘాట్ ఆ పిడుల మీదే దిగాం. ఆసిఫాబాద్‌లో పైపు బాగు చేయించుకొని మధ్యాహ్నం దాటాక మంచిర్యాల చేరాం. అక్కను వెంటనే లోపలికి తీసుకెళ్ళారు.

ఆసుపత్రి ఆవరణలో నాకు కాలు నిలవలేదు. ఖాదర్ భాయ్ కూడా ఊరికే ఉండలేక ప్లగ్గులు ఊడదీసి తుడుస్తున్నాడు. జీపు ముందు పెట్టి ఇంజనును చేత్తో తిప్పే స్టార్టింగ్ కడ్డీ అడిగి తీసుకున్నాను. మూడో గేరులో పెడితే ఎంత బలం పెట్టినా కడ్డీ కదల్లేదు. పిడులు వేసి ఫస్టులో పెట్టమన్నాను. ఈసారి తిరిగింది. తిప్పాను, తిప్పాను, ఎన్నో చుట్లు తిప్పాను. చక్రం కొద్దిగా జరిగింది. జీపు మొత్తం, నా చేత్తో, ముందుకు జరిగింది! ఇక్కడ ఎక్కువ చుట్లు తిప్పితే అక్కడ చక్రం కొంచెమే తిరుగుతుంది. వేగంలో పోయింది బలంగా వస్తుంది. మరి దిగేటప్పుడు? చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజనును అన్ని చుట్లు తిప్పాలి. అంత బరువు మోస్తూ జీపు ఉరకలేదు. అనిపించింది అంతే, నిజమో కాదో అడగడానికి ఎవరూ లేరు. అప్పుడే నర్సమ్మ గడప దాకా వచ్చి, "ఆడపిల్ల. సన్నగున్నది గని ఏడ్చింది. తల్లి పానానికి ఫికర్ లేదు" అంది. నేను కడ్డీ పట్టుకొనే ఏడ్చాను. అక్కకు చూపు మామూలు కావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది.

చక్రాన్ని తిప్పే ఆ బలాన్ని టార్క్ అంటారని చాలా ఏళ్ళకు విన్నాను. ఎవరైనా దాని లెక్కలు చెబితే ఇప్పటికీ సగంలో దారి తప్పుతాను. ఆ రోజు మాకెవరికీ ఏదీ సరిగ్గా తెలియదు. చూసినదాన్ని నమ్మి, అర్థం కాకపోయినా నిదానంగా పోయాం. భయం వేసినప్పుడు తెలిసినట్టు నటించకుండా ఉండడమే మమ్మల్ని కాపాడిందని అనుకుంటాను. మీరు ఆ ఘాట్ దిగేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: కింది గేరు వాలు మొదలవక ముందే వేసుకోండి, బండి వేగం అందుకున్నాక వేద్దామంటే అది పడదు.