అమ్మమ్మ మార్చి చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు ఏ సినిమా బాగుందో, ఏది బాగాలేదో తెలియాలంటే మా పేటలో ఆడవాళ్లు మా అమ్మమ్మని అడిగేవారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులవి. నూజివీడు ఊరి చివర, మైలవరం వెళ్లే రోడ్డు పక్కన, కోతలు అయిపోయిన పొలంలో ఏటా ఒక డేరా వేసి సినిమాలు ఆడేవారు. మళ్లీ వానలు మొదలయ్యే ముందు ఎత్తేసి ఇంకో ఊరు పోయేవారు. అమ్మమ్మకి చదువు లేదు. మామిడి కాపు రోజుల్లో ఒక వర్తకుడి కొట్లో పళ్లు ఏరి, బుట్టల్లో గడ్డి పరిచి సర్దే పని చేసేది. కూలి చేతికి వచ్చిన సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని డేరాకి బయలుదేరేది.

ఆ డేరాలో మిషను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా బొమ్మ ఆపి దీపం వేసేవారు. సోడాలవాళ్లు, వేరుశనక్కాయలవాళ్లు మనుషుల మధ్య నుంచి తొక్కుకుంటూ తిరిగేవారు. ఆ ఖాళీలోనే అమ్మమ్మ తన అభిప్రాయాలు చెప్పేది. మెల్లిగా మాట్లాడటం ఆవిడకి రాదు కాబట్టి ఆడవాళ్ల వైపు కూర్చున్న అందరికీ వినపడేది.

పౌరాణికాలంటే భక్తి ఉన్నా, కోపం కూడా ఉండేది. దేవుడు తెరమీదికి వచ్చాడంటే చుట్టూ ఉన్నవాళ్లు కర్పూరం వెలిగించేవారు. అమ్మమ్మ కూడా చేతులు జోడించేది. దీపం వేయగానే మాత్రం, "అన్ని బాధలూ పడ్డాక వచ్చాడు. మొదటి రీల్లోనే వస్తే ఆయన సొమ్మేం పోయేది?" అనేది. ఆవిడకి ప్రాణం జానపదాలు. అందులోనూ రాజకుమారుడి కంటే మాంత్రికుడంటేనే ఇష్టం. పాపం ఆ గుహలో ఒంటరిగా కూర్చుని అంత శ్రమపడి సంపాదించిన మంత్రాలన్నీ, పాటలు పాడుకుంటూ తిరిగే కుర్రాడి కత్తికి పోతాయని బాధపడేది. హాస్యం ఎలాంటిదైనా సరే, ఒళ్లు మరిచి నవ్వేది. బయటికి వచ్చాక, మగవాడికి చీర కట్టి ఇంకెన్నాళ్లు నవ్విస్తారని విసుక్కునేది.

సాంఘికాలంటే మాత్రం అసలు గిట్టేది కాదు. మన ఇంట్లో ఉన్న ఏడుపునే తీసుకెళ్లి మేడలో పెడితే అది సాంఘికమట. ఏడవడానికి టిక్కెట్టు కొనుక్కోవడం దేనికని అడిగేది. కానీ ఒక్క సాంఘికమూ వదిలేది కాదు. అక్కడ అందరికంటే ఎక్కువ ఏడ్చేది కూడా ఆవిడే.

ఆ ఏడు ఎండాకాలంలో మా పక్కింటి అక్కని మైలవరంలోని అత్తవారు పుట్టింటికి పంపేశారు. పెళ్లయి ఎంతో కాలం కాలేదు. దగ్గు తగ్గలేదు, జ్వరం విడవలేదు, చివరికి రక్తం పడింది. క్షయ అన్నారు. దానికి మందు వచ్చిందని పట్నాల్లో చెప్పుకునేవారేమో గానీ మా దాకా రాలేదు. అక్క వాళ్ల నాన్న ఊరి పక్క మామిడితోటకి కాపలా ఉండేవాడు. ఇంట్లో అక్క తర్వాత ఇంకా పసిపిల్లలున్నారు. అందుకని తోటలో ఉన్న కాపలా పాకలోనే అక్కకి మంచం వేశారు. గాలి బాగుంటుందని పైకి చెప్పేవారు. వాళ్లమ్మ రెండు పూటలా అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, అవతల నిలబడి, తిన్నాక గిన్నె బూడిదతో తోమి తీసుకెళ్లేది. ఆవిడ దారంతా కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తూ వచ్చేది. మిగిలిన పిల్లలకి ఎక్కడ అంటుకుంటుందోనని ఆవిడ భయం. అలాంటి ఇంట్లో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

ఈ అక్కే నన్ను చంకన వేసుకుని ఊరంతా తిప్పింది. నా జడ కూడా అక్కే వేసేది. అమ్మమ్మ పనికి వెళ్లేది ఆ తోట పక్క నుంచే. ఒక మధ్యాహ్నం తిరిగి వస్తుంటే పాకలోంచి అక్క పిలిచింది.

"మామ్మా, నిన్న సినిమాకి వెళ్లావా? పాటలు ఇక్కడికి వినపడ్డాయి. కథేంటో చెప్పవూ?"

అమ్మమ్మ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పాకకి ఎదురుగా, కాస్త దూరంలో, ఒక రసాల చెట్టు కింద చతికిలబడి కథ మొదలుపెట్టింది. నేను ఆవిడ వెనక కూర్చున్నాను. అది జానపదం. మాంత్రికుడు గొంతు మార్చి మాట్లాడే చోట అమ్మమ్మ గొంతు మార్చింది. కోటగోడ మీంచి దూకే చోట కూర్చున్నదల్లా లేచి గెంతింది. అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగితే అమ్మమ్మ కథ ఆపి, దగ్గు తగ్గేదాకా తల వంచుకుని నేలమీద గడ్డిపరకలు ఏరుతూ కూర్చుంది.

అప్పటినుంచి అది అలవాటైంది. చూసిన ప్రతి సినిమా మర్నాడు ఆ చెట్టు కింద మళ్లీ ఆడేది. సాంఘికాలు వచ్చినప్పుడు మాత్రం అమ్మమ్మ ఒక పని చేసేది. కథ చివర మార్చేసేది. తెరమీద పోయినవాళ్లు మా తోటలో బతికేవారు. విడిపోయినవాళ్లు కలిసేవారు. మొదటిసారి నేను ఆశ్చర్యపోయి ఆవిడ మొహంలోకి చూస్తే, వెనక్కి చెయ్యి చాపి నా మోకాలు గట్టిగా నొక్కింది. నాకు అర్థమైంది.

కాయలు పండుబారే రోజుల్లో ఇంకో సాంఘికం వచ్చింది. అందులో కొత్త కోడలికి జబ్బు చేస్తుంది. ఏ జబ్బో చెప్పలేదు గానీ దగ్గుతూ ఉంటుంది. చివరికి ఇంటిల్లిపాదీ చుట్టూ ఉండగా మొగుడి ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం విడుస్తుంది. డేరాలో ఏడవనివాళ్లు లేరు. అమ్మమ్మ మాత్రం ఆ వేళ ఏడవలేదు. దారిలో ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

మర్నాడు చెట్టు కింద కథ మామూలుగానే మొదలైంది. చివరికి వచ్చేసరికి మద్రాసు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఏదో మందు పోశాడు. కోడలు లేచి కూర్చుంది. ఆ సంబరంలోనే ఆడపడుచు పెళ్లి కూడా జరిగిపోయింది. అమ్మమ్మ కథ ముగించి చెంగుతో మొహం తుడుచుకుంది.

అక్క మంచం మీద పడుకునే వింటోంది. తర్వాత అడిగింది.

"పెళ్లయిందన్నావు కదా మామ్మా. మరి సన్నాయి వినపడలేదేంటి?"

అమ్మమ్మ చెంగు మడతలు సరిచేసుకుంది.

"నిన్న గాలి ఇటే ఉంది. అంతా వినపడింది. చివర ఆడవాళ్ల ఏడుపు తప్ప ఏమీ లేదు. నువ్వు ఏడవడం కూడా పోల్చుకుందామని చూశాను, తెలియలేదు." అక్క గొంతులో కోపం లేదు. "ఆ అమ్మాయి చచ్చిపోయింది కదూ?"

అమ్మమ్మ ఎటో చూసింది. తర్వాత అక్క వైపు తిరిగి, "అవునమ్మా, పోయింది" అంది.

"ఇప్పుడు చెప్పు. అసలు కథ చెప్పు."

చెప్పింది. ఎక్కడా గొంతు మార్చలేదు, చేతులు ఊపలేదు. మా అమ్మమ్మ అంత మెల్లిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. అక్క మధ్యమధ్యలో ఆపి అడుగుతోంది.

"పోయేటప్పుడు ఆ అమ్మాయికి భయమేసిందా?"

"సినిమాలో అలా చూపించలేదు తల్లీ. నిజంగా అయితే ఎలా ఉంటుందో నాకు తెలియదు."

"దగ్గర ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు. తల మొగుడు ఒళ్లో పెట్టుకున్నాడు."

అక్క చిన్నగా నవ్వింది. "సినిమా గనక" అంది.

మైలవరం నుంచి బావ ఒక్కసారి కూడా రాలేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అమ్మమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. లేచి చెట్టుకీ పాకకీ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీ దాటి గుమ్మంలో అడుగుపెట్టింది. అక్క కంగారుపడి గోడవైపు జరిగింది. "వద్దు మామ్మా, అంటుకుంటుంది, రాకు" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ముసలిదాన్ని. నన్ను అంటుకుని అది మాత్రం ఏం బావుకుంటుంది?" అంటూ అమ్మమ్మ మంచం మీద కూర్చుని అక్క తల తన ఒళ్లోకి తీసుకుంది. చిక్కులు పడ్డ జుట్టు వేళ్లతో విడదీసింది. మొదట అక్క బిగుసుకుపోయి ఉంది. తర్వాత అమ్మమ్మ నడుము రెండు చేతులతో పట్టేసుకుని, ఏడ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో ఆ ఏడుపంతా ఏడ్చింది. నేను చెట్టు దగ్గరే నిలబడిపోయాను. రావద్దని అమ్మమ్మ చెయ్యి చూపించింది.

ఏడుపు తగ్గాక అక్క అన్న మాట నాకు ఇంకా వినిపిస్తుంది. "ఇదే బాగుంది మామ్మా. నువ్వు చెప్పిన పెళ్లి చప్పగా ఉంది. అంతకుముందు చెప్పినవి కూడా మార్చావేమో, అవన్నీ మళ్లీ చెప్పాలి."

ఇంటికి వస్తూ అమ్మమ్మ నాతో అంది: "దానికి అన్నీ తెలుసే. ఆ భయం దానిది కాదు, నాది. నా భయానికి నేను కథలు మార్చుకుంటుంటే, పాపం అది నా కోసం నమ్మినట్టు పడుకుంది."

తోటలో జరిగింది ఊళ్లో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మా అమ్మ భయపడి, అమ్మమ్మ బట్టలు విడిగా ఉడకబెట్టింది. కొట్టు వర్తకుడు చెడ్డవాడు కాదు. ఆయనే ఇంటికి వచ్చి, "ఏమీ అనుకోవద్దమ్మా. నువ్వు ముట్టుకున్న పండని తెలిస్తే కొనేవాడు ఉండడు. ఈ ఏడాదికి రావద్దు" అని చెప్పి వెళ్లాడు. అమ్మమ్మ ఆయనతో వాదించలేదు. పని పోయింది, టిక్కెట్టుకి డబ్బుల్లేక డేరాకి వెళ్లడం కూడా పోయింది.

ఇక సాయంత్రాలు కూడా తోటకే వెళ్లేది. దూరంగా డేరా దగ్గర కరెంటు ఇంజను మొదలై పాటలు వినపడగానే ఇద్దరూ మాటలు ఆపి చెవులు అటు పెట్టేవారు. చూడని సినిమా గురించి కొట్లాడుకునేవారు. ఈ గొంతు అత్తదని ఒకరు, కాదు సవతిదని ఒకరు. గుర్రాల చప్పుడు వస్తే అమ్మమ్మకి ఉత్సాహం. అక్కకి మాత్రం కన్నీళ్లున్న కథలే కావాలి. పాతవన్నీ మళ్లీ చెప్పించుకుంది, ఉన్నవి ఉన్నట్టు. ఆ కథల్లో కష్టపడినవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి అక్క మంచం చుట్టూ కూర్చుంటున్నారని నాకు అనిపించేది.

వాళ్లమ్మ రోజూ గుమ్మం అవతల నుంచి ఇదంతా చూస్తూ ఉండేది. ఒకరోజు అన్నం గిన్నె కింద పెట్టి వెనక్కి తిరగలేదు. అలాగే లోపలికి వచ్చేసింది. గోడలో గుచ్చి ఉన్న దువ్వెన తీసి కూతురి వెనక కూర్చుంది. అమ్మమ్మ నెమ్మదిగా లేచి నా దగ్గరికి వచ్చి, పద అంది.

తొలకరికి ముందే డేరా ఎత్తేశారు. ఆ తర్వాత తోటలో సాయంత్రాలు మరీ నిశ్శబ్దంగా ఉండేవి. చెట్లమీద కాయ కూడా అయిపోయింది. మొదటి వాన రాత్రంతా కురిసి, తెల్లవారి వెలిశాక, అక్క పోయింది. తల వాళ్లమ్మ ఒళ్లో ఉంది. పాదాలు అమ్మమ్మ చేతుల్లో ఉన్నాయి. చివరిదాకా తెలివితోనే ఉంది. నన్ను గుమ్మం దాకా రానిచ్చారు. అక్క నా జడ వైపు చూసి, వంకరగా వేశారన్నట్టు కళ్లతోనే నవ్వింది. నాకు మిగిలిన చివరి చూపు అది.

సినిమాలో అయితే అక్కడ పాట వస్తుంది. మా తోటలో ఆకుల మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. వాళ్లమ్మ ఒక్కసారిగా బావురుమంది. అమ్మమ్మ అక్క పాదాలు వదలకుండా అలాగే కూర్చుండిపోయింది. చాలా రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడు డేరా మళ్లీ వచ్చింది, అమ్మమ్మ మళ్లీ వెళ్లింది. అన్నిటి మీదా అభిప్రాయాలు చెప్పింది, మాంత్రికుడి పక్షమే మాట్లాడింది. సాంఘికాలని తిట్టడం మాత్రం మానేసింది. దేవుడి దయవల్ల ఆ జబ్బు ఆవిడ జోలికి రాలేదు.

నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకి పిల్లలు పుట్టారు. మావారికి జబ్బు ముదిరి బెజవాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి ఇక లాభం లేదన్నాడు. ఆయనకి చెప్పవద్దని పిల్లలు నన్ను బతిమాలారు. వాళ్ల ప్రేమ అలాంటిది. గదిలోకి వెళ్లగానే ఆయన నా మొహం చూసి, "ఏమన్నాడు?" అని అడిగారు. తగ్గిపోతుందనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను. ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, తన చిన్నప్పుడే పోయిన చెల్లెలి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె పేరు కూడా నేను వినడం అదే మొదటిసారి. కాపురమంతా మేము మాట్లాడుకోని మాటలు ఆ మిగిలిన కొద్ది రోజుల్లో మాట్లాడుకున్నాం. ఆయన పోయారు. ఆ మాటలు నాకున్నాయి.