వెనక స్పీకర్లలో నా గొంతు

మంగళగిరిలో ఒక చీరల షోరూమ్ వాళ్లు తమ హాల్లో మగ్గం చప్పుడు వినిపించాలనుకున్నారు. చీరలు చూసేవాళ్ల చుట్టూ మగ్గాలు ఆడుతున్నట్టు ఉండాలట. ఆ పని నేను ఉద్యోగం చేస్తున్న విజయవాడ స్టూడియోకి వచ్చింది. స్టూడియో యజమానిని అప్పట్లో సార్ అని పిలిచేదాన్ని. ఇక్కడ మాత్రం అతను అనే రాస్తాను.

నేను పామర్రులో మా చర్చి కీబోర్డు వాయిస్తూ పెరిగాను. వాయించడం కంటే ఆ శబ్దం ఎలా పుడుతుందోనన్న పిచ్చి ఎక్కువ. శబ్దాన్ని అక్షరాలతో, అంకెలతో రాసి పుట్టించే సాఫ్ట్‌వేర్ ఆ పిచ్చితోనే నేర్చుకున్నాను. ఈ పని కోసం మంగళగిరిలో ఒక చేనేత కార్మికుడి ఇంట్లో కూర్చుని, పోగును అటూ ఇటూ లాక్కుంటూ నాడె దూసుకెళ్లే చప్పుడు, దారాన్ని బిగించే దెబ్బ చెవులకు పట్టించుకుని వచ్చాను. తర్వాత ఒక్కో దెబ్బనూ కంప్యూటర్లో రాశాను. నాడె ఎడమ చెవి దగ్గర బయల్దేరి, వీపు వెనక నుంచి తిరిగి కుడి పక్కకు చేరేది.

ప్రారంభం రోజు, ఆడియో ఎవరు చేశారో చెప్పే బోర్డు మీద అతని పేరొక్కటే ఉంది. షోరూమ్ పెద్దాయన మెచ్చుకుని, నన్ను చూపిస్తూ "ఈ అమ్మాయెవరండీ?" అన్నారు.

"మా దగ్గర టైపింగ్ చూసుకుంటదండీ," అన్నాడు అతను.

చేతిలోని కూల్‌డ్రింక్ అతని మొహాన కొట్టాలనిపించింది. మర్నాడు స్టూడియోలో అడిగాను, నా పేరు కూడా వేయించమని.

"అంకెలు కొడితే సంగీతం అవుద్దా అమ్మా? బుర్ర నాది, వేళ్లు నీవి," అని నవ్వాడు.

ఆ నవ్వును మర్చిపోలేదు. మర్చిపోవాలని ప్రయత్నించనూ లేదు.

కొన్నాళ్లకు ఆ షోరూమ్ వాళ్లే విజయవాడలో ఇంకా పెద్దది తెరుస్తూ కొత్త ఆడియో అడిగారు. అతను ఆ పని నాకే ఇస్తే బుద్ధిగా సరేనన్నాను.

హాలుకు పంపే ఫైలులో రెండే చానెళ్లు. వెనక నుంచి రావాల్సిన శబ్దాన్ని ఒకదాంట్లో తిన్నగా, రెండోదాంట్లో తలకిందులుగా కలపాలి. హాల్లోని యంత్రం ఆ తేడా పసిగట్టి, దాన్ని వెనక స్పీకర్లకు పంపుతుంది. ఒక్క స్పీకరే ఉన్న ఫోనులో ఆ రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వెనక శబ్దం అసలు వినబడదు. అతను ఏ పనైనా తన పాత ఫోనులోనే విని ఓకే అనేవాడు.

మగ్గాల చప్పుడు మధ్య, వెనక వైపున, నా గొంతు పెట్టాను. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "సూపర్, పంపించెయ్," అన్నాడు.

ప్రారంభానికి నేనూ వెళ్లి చివరి వరుసలో కూర్చున్నాను. అతను వేదిక మీద, మెడలో శాలువాతో, తను పడ్డ కష్టం గురించి మాట్లాడి, ప్లే చెయ్యమని సైగ చేశాడు. మగ్గాలు మొదలయ్యాయి. అంతలో అందరి వీపుల వెనక నుంచి నా గొంతు వచ్చింది: "ఈ చప్పుళ్లు కట్టింది నేను. వేదిక మీదున్నాయన కాదు." ఆ వెంటనే నా పేరు, మా ఊరి పేరు.

హాలంతా వెనక్కి తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

"టెక్నికల్ ప్రాబ్లమండీ, టెక్నికల్ ప్రాబ్లం," అంటున్నాడు అతను.

"ఈ అమ్మాయి టైపింగ్ చూసుకుంటదన్నారు కదండీ?" అన్నారు షోరూమ్ పెద్దాయన, మైకులోనే. ఎవరో పకపకా నవ్వారు. అతని చెవులు ఎర్రబడటం చివరి వరుసకు కూడా కనబడింది. కళ్లు తిప్పుకోకుండా చూశాను.

మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "నా పరువు తీశావ్!"

"మీరు విని ఓకే చేసిందే కదండీ."

ఉద్యోగం పోయింది. షోరూమ్ వాళ్లు అతన్ని మళ్లీ పిలవలేదు. ఇలాంటి పని చేసే మనిషిని నమ్మలేమని నన్నూ పిలవలేదు. దానికి బాధపడ్డానని అబద్ధం రాయను.

మొన్న వన్ టౌన్‌లో కేబుళ్లు కొనుక్కుని వస్తుంటే ఒక ఇరుకు సందులో ఎదురుపడ్డాడు. ఇద్దరిలో ఒకరు పక్కకు తప్పుకోవాలి. నేను కదల్లేదు. అతనే గోడకు ఆనుకుని దారి ఇచ్చాడు. నేను నింపాదిగా నడిచాను.