మాణిక్యమ్మ పెదవులు

తెనాలి దగ్గర పల్లెలో ఐదో తరగతితో చదువు ఆపిన మాణిక్యమ్మ, అమెరికాలోని ఇర్వింగులో ముగ్గురు పిల్లల్ని స్పెల్లింగ్ పోటీల ఫైనల్స్ దాకా నడిపించిందంటే ఆషామాషీ కాదు. పన్నెండు వేల కార్డులు. ఒక్కోదాని మీద మాట పలికే తీరు తెలుగు అక్షరాల్లో రాసుకుంది. రోజూ సాయంత్రం ఆమె మాట పలకడం, మనవరాలు ఈషిత అరచేతిలో వేలితో రాసుకుని అక్షరాలు అప్పజెప్పడం. నాలుగేళ్లలో ఒక్క సాయంత్రం తప్పలేదు. డిక్షనరీ అట్ట రెండుసార్లు ఊడితే మైదాపిండి ఉడికించి అంటించింది.

ఒకటే చిక్కు. ఎక్కాలు గొంతెత్తి వల్లించిన బడి అలవాటు ఆమెను వదల్లేదు. పిల్ల అక్షరాలు చెబుతుంటే ఈమె పెదవులూ కదులుతాయి. పోయినేడాది, పిల్ల అమ్మమ్మ నోరు చూసి చెబుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. జడ్జీలు హెచ్చరించి వదిలారు. ఈసారి ఈషితది ఎనిమిదో తరగతి, ఆ పైన పోటీకి రానివ్వరు కనుక ఇదే ఆఖరి అవకాశం. గెలిస్తేనే వాషింగ్టన్‌లో జరిగే జాతీయ పోటీకి. అందుకే మాణిక్యమ్మ తనంతట తానే హాలు బయట ఉండిపోయింది.

తలుపు వేస్తే మాటలు వినపడవు. తప్పు చెప్పినప్పుడు కొట్టే గంట మాత్రం వినపడుతుంది. గంట మోగిన కాసేపటికి తలుపు తెరుచుకుని ఎవరో ఒక పిల్ల కళ్లు తుడుచుకుంటూ వస్తుంది. ప్రతిసారీ మాణిక్యమ్మ ఆ మొహం చూసి, ఈషిత కాదని తేల్చుకుని మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలెడుతుంది.

"కూర్చో చెల్లెమ్మా, నీ తిరుగుడికి కార్పెట్టు అరిగిపోతోంది," అన్నాడు పక్క అపార్టుమెంటు సత్యమూర్తి.

"మీవాడు మూడో గంటకే వచ్చేశాడుగా అన్నయ్యా, మీకు నిశ్చింత!"

"అంత మాటంటావా! వాడు అప్పుడే రెండో పిజ్జా ముక్క మీదున్నాడు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పద్నాలుగు మందిలో పన్నెండు మంది వచ్చేశారు. ఇద్దరే మిగిలారు.

పదమూడో గంట మోగింది. తలుపు తెరుచుకోలేదు. ఆఖరి ఇద్దరిలో తప్పినవాళ్లు కూడా ఫలితం తేలేదాకా వేదిక మీదే ఉండాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరిదో ఆ గంట?

"మూర్తి అన్నయ్యా, తలుపు కొంచెం తీసి చూడరూ."

"నువ్వే చూడు."

"అమ్మో, నా నోరు నా మాట వినదు."

కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. చీర కొంగు మడిచి నోటికి అడ్డం పెట్టుకుంది, అక్కడ తప్పుపట్టే జడ్జీలెవరూ లేకపోయినా. చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి.

తలుపు తోసుకుని కప్పుతో పరుగెత్తుకొచ్చింది ఈషిత. "అమ్మమ్మా! నీ కుర్చీ ఖాళీగా ఉంటే భయమేసింది తెలుసా!"

మాణిక్యమ్మ కప్పు వంక చూడనే లేదు. "ఆఖర్న ఏం మాటిచ్చారే? చెప్పు, ఒక్కో అక్షరం చెప్పు."

ఈషిత అరచేతిలో వేలితో రాస్తూ చెప్పసాగింది. కొంగు నోటి మీంచి జారిపోయింది. మాణిక్యమ్మ పెదవులు మనవరాలి వెంట కదిలాయి, ఈసారి గొంతెత్తి మరీ.