బొల్లి తిన్న పేజీ

ఇబ్రహీంపట్నం బస్సు డిపో వెనక గల్లీలో ఉన్న అంగన్‌వాడీలో ఖాదర్ బీ పంతొమ్మిదేళ్లుగా ఆయమ్మ. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసుకు రావడం, గది ఊడవడం, గుడ్లు ఉడకబెట్టడం ఆమె పని. ఏ పనికీ వెనకాడని మనిషే గానీ, ఒక్క మాట మాత్రం ఆమె నోటికి రాదు. "నాకు తెల్వదు" అనే మాట. యాచారం బస్సు ఎన్నింటికని ఎవరైనా అడిగితే, తాను ఆ బస్సు ఎక్కి ఏడేళ్లయినా సరే, టైము చెప్పి పంపుతుంది. అడిగినవాళ్లు నిలబడి నిలబడి చివరికి ఆటో ఎక్కి పోతారు.

మొన్న డిసెంబరులో టీచర్ కృపారాణి తమ చర్చి సండేస్కూలు నుంచి ఐదు బొమ్మల పుస్తకాలు తెచ్చింది. అన్నీ క్రిస్మస్ కథలే, అన్నీ ఇంగ్లీషువే. పేజీ నిండా రంగులు. రోజుకొకటి చూపించి తెలుగులో కథ చెబుదామని ఆమె ఆలోచన. కానీ క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసీ చేసీ గొంతు పూర్తిగా పోయింది. నాలుగు రోజులు నోరు తెరవొద్దని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక చేసేదేముంది, పుస్తకాలు ఖాదర్ బీ చేతిలో పెట్టి "నువ్వు చెప్పు" అని సైగ చేసింది.

"నేనా? నాకు ఇంగ్లీషు..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎటు పోతున్నదో గమనించి ఖాదర్ బీ టక్కున ఆగిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని పద్నాలుగు మంది పిల్లల ముందు కూర్చుంది.

మొదటి పుస్తకంలో ఎర్ర బట్టల తాత ఉన్నాడు. ఆయన్ను టీవీలో చూసింది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. చిక్కంతా ఆయన నిలబడ్డ తెల్లటి నేలతోనే వచ్చింది.

"ఆయమ్మా, గీ తెల్లగున్నది ఏంది?" అని లిఖిత అడిగింది. లిఖితకు నాలుగేళ్లు. నానమ్మ మణెమ్మ వాళ్లకు ఊరి చివర పొలం, నాలుగు బర్రెలు ఉన్నాయి. ఒకసారి ప్రశ్న అడిగిందంటే జవాబు వచ్చేదాకా ఆ పిల్ల కన్ను ఆర్పదు.

"పత్తి బిడ్డ."

"ఇంటిమీద గూడనా?"

"ఈ ఏడు మస్తు కాసింది. పెట్టనీకె జాగ లేక ఇంటిమీద గూడ పోసిండ్రు."

టీచర్ రెండు చేతులతో తన భుజాలు పట్టుకుని గజగజ వణికి చూపించింది.

"సూసిండ్రా? పత్తి ఏరేటోళ్లకు చలిజ్వరం వచ్చిందంట," అంది ఖాదర్ బీ.

టీచర్ పలక తీసి పెద్ద అక్షరాలతో 'మంచు' అని రాసింది. ఖాదర్ బీ కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చింది. పలకను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కూడబలుక్కుని చదివింది. "మం... చి. అవ్, మంచి పత్తేనంట!"

ఆ తర్వాత తాత పొగగొట్టంలోంచి ఇంట్లోకి ఎందుకు దిగుతున్నాడని అడిగితే, ఇంటివాళ్లు తలుపుకు తాళమేసి పత్తి ఏరడానికి పోయారని చెప్పింది. పిల్లలు తలలూపారు. టీచర్ పలక పక్కన పెట్టేసింది.

రెండో రోజు యేసు పుట్టుక పుస్తకం తెరవగానే ఖాదర్ బీ ముఖం వెలిగిపోయింది. ఆ కథ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"గీమె బీబీ మరియం. గీ పిల్లగాడు ఈసా. శానా పెద్ద మనిషైతడు. మా ఇంట్ల చిన్నప్పటి సంది చెప్తరు గీ కథ." టీచర్ సంతోషంగా తలూపింది. ఖాదర్ బీ మాత్రం బొమ్మలో ఇంకేదో వెతుకుతోంది. "మా కథల ఖర్జూరం చెట్టు ఉంటది. గీడ పసుల కొట్టం ఉన్నది. సరే, చెట్టు ఎనకమొఖాన ఉండొచ్చు."

"దవాఖానల పుట్టలేదా?" అని అల్తమష్ అనే బుడ్డోడు అడిగాడు.

"బెడ్లన్నీ నిండినయ్ బేటా."

"అంబులెన్స్ రాలేదా?"

"ఫోన్‌కు సిగ్నల్ లేదు."

తర్వాతి పేజీలో ఒంటెల మీద ముగ్గురు మనుషులు, చేతుల్లో పెట్టెలు. ఇంగ్లీషు పేజీ నిండా ఉంది. ఖాదర్ బీ టీచర్ వంక చూసింది. టీచర్ ఆకాశంలో చుక్కను చూపిద్దామని చేతులు పైకెత్తి వేళ్లు మిలమిలలాడించింది.

"దోమలు! పసుల కొట్టంల దోమలుండయా మరి? పసిపిల్లగాన్ని కుడ్తయని గీ ముగ్గురు పాపం ఒంటెలెక్కి దోమల బత్తీలు పట్టుకొచ్చిండ్రు."

టీచర్‌కు నవ్వు ఆగలేదు. గొంతు లేని నవ్వు, భుజాలు మాత్రమే ఎగిరిపడుతున్నాయి. అప్పుడే లిఖిత ముందుకు జరిగి బొమ్మ మీద వేలు పెట్టింది.

"పిల్లగాన్ని ఏంట్ల పండుకోబెట్టిండ్రు?"

"గడ్డి తొట్టిల."

"గడ్డి ఎవరిది?"

"గీ ఆవుది."

"మరి ఆవు ఏం తింటది?"

ఖాదర్ బీ గడ్డి కోసం బొమ్మంతా వెతికింది. పేజీ తిప్పింది, గడ్డి లేదు. ఇంకొకటి తిప్పింది, అక్కడా లేదు. చివరి పేజీలో అందరూ నవ్వుతున్నారు, ఆవు తప్ప. బొమ్మ గీసినాయన ఆవు ముఖం కాస్త దిగులుగానే గీశాడు.

"ఎవరన్న ఏస్తరు తియ్..."

"ఎవరు?" అంది లిఖిత. మరుక్షణం భోరుమంది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి అందరూ. పద్నాలుగు మంది ఆకలిగొన్న ఆవు కోసం ఏడుస్తుంటే గల్లీలోవాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. అల్తమష్ తన ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి బొమ్మలోని ఆవు మూతికి ఆనించాడు.

"తింటలేదు ఆయమ్మా!" అని మళ్లీ రాగం అందుకున్నాడు.

మూడో రోజు లిఖిత బ్యాగులో టిఫిన్ డబ్బా బదులు పచ్చగడ్డి వచ్చింది. ఖాదర్ బీకి ప్రాణం లేచొచ్చింది. నిన్నటి పుస్తకం నేలమీద తెరిచిపెట్టి, ఆవు బొమ్మ మీద నాలుగు గడ్డిపరకలు పెట్టించి, "ఇగ తింటది, మీరు సూడకుండ్రి, దానికి సిగ్గు," అంది. ఏడుపు ఆగింది. టీచర్ కూడా మెచ్చుకోలుగా వీపు తట్టింది.

కానీ సాయంత్రానికి గడ్డి అలాగే ఉంది. కొంచెమే తెచ్చానని, అందుకే ఆవు అలిగిందని లిఖిత తేల్చుకుంది. నాలుగో రోజు పొద్దున పెద్ద మోపు చంకన పెట్టుకుని వచ్చింది. ఆ మోపు వాళ్ల బర్రె బొల్లి ముందు నుంచి లాక్కొచ్చింది. బొల్లిని ఇంకా కట్టేయలేదు. తన గడ్డి ఎటు పోతే అటు నడవడం బొల్లికి న్యాయంగానే తోచినట్టుంది. లిఖిత ముందు, బొల్లి వెనక, పలుపుతాడు పట్టుకుని మణెమ్మ ఆ వెనక పరుగులో.

పిల్లలు పుస్తకం చుట్టూ గడ్డి పరిచి ఎదురుచూస్తుండగా గదిలో ఒక్కసారిగా చీకటైంది. వాకిలి నిండా బొల్లి తల.

"ఆయమ్మా, ఆవొచ్చింది!" అని అల్తమష్ చప్పట్లు కొట్టాడు.

"ఆవు కాదు, మా బొల్లి," అంది లిఖిత గొప్పగా.

బొల్లి ఎవరినీ ఏమీ అనలేదు. మెడ చాచి నేలమీది గడ్డి తిన్నది. ఆ తర్వాత పేజీ మీది గడ్డి తిన్నది. గడ్డితోపాటు పేజీ కూడా లేచింది. ఆవు, గాడిద, కొట్టం, తొట్టి, అన్నీ తాపీగా నోట్లోకి పోతున్నాయి.

"పుస్తకం!" అని కృపారాణి కేక పెట్టింది. నాలుగు రోజుల్లో వచ్చిన మొదటి మాట. తుప్పు పట్టిన ఆటో హారన్‌లా వచ్చింది. బొల్లి బెదరలేదు గానీ పిల్లలు టీచర్‌ను చూసి బెదిరిపోయారు.

ఖాదర్ బీ దుమికి పుస్తకం రెండో చివర పట్టుకుంది. బొల్లి అటు లాగితే ఆమె ఇటు లాగింది. బయట మణెమ్మ తోక పట్టుకుని అరుస్తోంది.

"ఖాదర్ బీ! సూడి బర్రె అది, కొట్టకు!"

"నేనేడ కొడ్తున్న మణెమ్మా! పుస్తకం ఇయ్యమంటున్న, గంతే!"

పుస్తకం దక్కింది. పేజీ దక్కలేదు. పిల్లలు మాత్రం గంతులేశారు. "తిన్నది! తిన్నది!" లిఖిత ఆ బర్రె మూతి తుడిచి, మూడు రోజుల బరువు దిగినట్టు గోడకానుకుని కూర్చుంది.

శనివారం ముగ్గురు ఆడవాళ్లూ చర్చికి వెళ్లారు. సండేస్కూలు చూసుకునే సాల్మన్ రాజు పుస్తకాల విషయంలో చాలా ఖచ్చితమైన మనిషి. ప్రతి పుస్తకానికీ తానే అట్ట వేస్తాడు. చినిగిన చోట వేలితో తడిమి చూశాడు.

"బర్రె తిన్నదా? ఎలుకలు కొట్టినయన్నోళ్లను చూసిన, వానకు తడిసిందన్నోళ్లను చూసిన. బర్రె అన్నోళ్లు మీరే ఫస్ట్."

"మా బర్రెనే సార్," అని మణెమ్మ ముందుకొచ్చింది. "తోకకాడ నేనే ఉన్న."

సాల్మన్ రాజు ఆపుకోలేక నవ్వేశాడు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు చేరి, పోయిన పేజీలో ఏముండేదని అడిగారు. అందరూ ఖాదర్ బీ వంక చూశారు. ఆమె మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పింది. మరియం, ఈసా, నిండిపోయిన బెడ్లు, దోమల బత్తీలు, ఆఖరున గడ్డి దొరికిన బర్రె. పిల్లలు మళ్లీ చెప్పమన్నారు. ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో బర్రె లేకపోతే తాము వేషం కట్టమని గొర్రెల కాపరులు మొండికేశారు.

అలా లిఖితకు నల్ల దుప్పటి, అట్టముక్క కొమ్ములు వచ్చాయి. పండుగనాడు మణెమ్మ ముందు వరుసలో కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లకు "గా బర్రె మా బిడ్డనే" అని చెబుతూనే ఉంది. లిఖిత చేయాల్సిందల్లా తొట్టి పక్కన నిలబడటమే. ఐదు నిమిషాలు బుద్ధిగా నిలబడింది. తర్వాత వేషం మరీ వంటబట్టి, తొట్టిలోంచి గుప్పెడు గడ్డి తీసి నోట్లో కుక్కుకుని నమలసాగింది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ బిడ్డ!" అంటూ ఖాదర్ బీ చెప్పులు విడిచి స్టేజీ ఎక్కింది. సరిగ్గా అప్పుడే ఫొటో తీసేవాళ్లందరూ ఫొటో తీశారు. చర్చి గోడకున్న ఫొటోలో దేవదూతలున్నారు, ముగ్గురు జ్ఞానులున్నారు, మధ్యలో ఖాదర్ బీ ఉంది. ఆమె రెండు వేళ్లు బర్రె నోట్లో ఉన్నాయి.